సస్పెన్షన్‌లో ఉన్న కూలర్

ఎండిన కూలర్ గడ్డి మీద నీళ్లు పడగానే లేచే వాసన, ఢిల్లీలో ఒక్క ఎండాకాలమైనా గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ ఉదయం ఇందిరాపురంలో మా ఫ్లాట్ బాల్కనీలో, తుప్పుపట్టిన ఇనప కూలర్ మీద మగ్గెడు నీళ్లు పోశాను. ఎందుకు పోశానో నాకే తెలియదు. మధ్యాహ్నం పాతసామాన్లు కొనే కబాడీవాడు వస్తానన్నాడు. రేపు రంగులు వేసేవాళ్లొస్తారు, బాల్కనీ ఖాళీ చెయ్యమని మా ఆయన వారం నుంచీ పోరుతున్నారు. “బాగుచేయిస్తావో పంపించేస్తావో ఇవాళ తేల్చెయ్. ఇలా మధ్యలో వేలాడదియ్యకు” అని ఆఫీసు కాల్‌లో కూర్చున్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకే కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకీ బాల్కనీలోకీ ఊరికే తిరుగుతున్నాను. ఆ కూలర్ మాది కాదు, శారద ఆంటీది. ఆవిడ పోయిన చలికాలంలో కన్నుమూశారు.

ఉద్యోగానికి ఢిల్లీ వచ్చిన కొత్తల్లో మునిర్కాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆంటీ మా అమ్మకు కాకినాడలో కలిసి చదువుకున్న స్నేహితురాలు. ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవారు. ఆదివారం వస్తే నా భోజనం అక్కడే. అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆ సావాసం వల్లనేమో, పాత సామాన్ల వ్యవహారమంతా ఆంటీ ఆఫీసు భాషలోనే నడిపేవారు. ఏదైనా పాడైతే వెంటనే బాగుచేయించరు, వెంటనే పారెయ్యరు. గోనెసంచిలో చుట్టి అటకెక్కిస్తారు. దానికి సస్పెన్షన్ అని పేరు. ఆ కాలం మారేలోపు ఎవరి చెయ్యయినా అలవాటుగా దానికోసం వెతికితే, మరమ్మతు చేయించి మళ్లీ డ్యూటీలోకి తీసుకుంటారు. ఇంకో పనికి పనికొస్తుందనిపిస్తే డిప్యుటేషన్. అడుగు ఉబ్బిపోయిన ప్రెషర్ కుక్కర్ అలాగే కరివేపాకు మొక్కకు కుండీ అయింది. ఎవరికీ గుర్తు రాకపోతే రిటైర్మెంట్.

నాది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం, తొందరెక్కువ. ఓ శనివారం నా మిక్సీ పొగ వదిలితే, సాయంత్రానికల్లా కొత్తది కొని పాతది చెత్తలో పడేశాను. మర్నాడు ఆ సంగతి గొప్పగా చెప్పాను.

“అంటే విచారణ లేకుండానే ఉద్యోగం పీకేశావన్నమాట!” అన్నారు ఆంటీ పప్పు వడ్డిస్తూ.

“పాడైపోయింది కదాంటీ, ఇంక విచారణేంటి?”

“పాడైన రోజున మనకి దాని మీద కోపంగా ఉంటుందమ్మాయ్, లేపోతే జాలిగా ఉంటుంది. ఆ రెంట్లో ఏదున్నా ఆర్డరెయ్యకూడదు.”

అలాగని ఆవిడ పాత వస్తువుల్ని పట్టుకుని కూర్చునే మనిషి కాదు. పెళ్లినాటి ట్రాన్సిస్టర్ మూగబోతే దాన్నీ అటకెక్కించారు. వానాకాలమంతా అంకుల్ దాని ఊసెత్తలేదు. దీపావళికి ఇల్లు దులిపి, ఆంటీ దాన్ని కబాడీవాడి చేతికి ఇవ్వబోయేసరికి ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“అది మన పెళ్లినాటిదే, శారదా!”

“పెళ్లికేం కాలేదు లెండి, భద్రంగానే ఉంది. మీరు వార్తలు ఫోన్లోనే వింటున్నారుగా. భయ్యా, లే జావో!” అని కబాడీవాడి చేతిలో పెట్టేశారు.

ఆ సాయంత్రం అంకుల్ అలిగి టీ ముట్టుకోలేదు. నాకైతే ఆవిడ మరీ రాతిగుండె మనిషనిపించింది.

తర్వాత ఒక మండువేసవిలో, ఆఫీసులో మేనేజరు అందరి ముందూ నన్ను తీసిపారేసినట్టు మాట్లాడితే, తిన్నగా ఆర్.కె. పురం వెళ్లి లాప్‌టాప్ తెరిచి రాజీనామా రాశాను. ఆంటీ వద్దనలేదు. “సెలవు పెట్టి ఇక్కడే ఉండు. ముందు దాన్ని సస్పెన్షన్‌లో పెట్టు” అన్నారంతే. కూలర్ ముందు చాప వేసుకుని పడుకునేదాన్ని. దాని పంపు మొండిది, పక్కన అరచేత్తో ఒక్కటి చరిస్తే గానీ నీళ్లు ఎక్కించేది కాదు. ఆంటీ వస్తూ పోతూ దానికొకటి తగిలించేవారు. మొదట్లో లేవగానే నా చెయ్యి ఆఫీసు మెయిల్ కోసం ఫోన్ మీదికి పోయేది. మెల్లగా అదీ మానేసింది.

“చెయ్యి వెతుకుతోందా?” అని అడిగారు ఒకరోజు బెండకాయలు తరుగుతూ.

“లేదాంటీ.”

“కోపం?”

“అదీ లేదు.”

“అయితే ఇప్పుడు పంపించు.”

పంపించాను. ఇప్పుడు నేను చేస్తున్న, నాకు ఇష్టమైన ఈ ఉద్యోగం ఆ తర్వాత దొరికిందే.

అంకుల్ రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు, కొత్త ఇంటి కిటికీకి ఈ కూలర్ పట్టలేదు. టెంపోలో మా ఇంటికి పంపి, ఆంటీ ఫోన్ చేశారు. “మీ బాల్కనీలో సస్పెన్షన్‌లో ఉంచమ్మాయ్. నా చెయ్యి వెతికితే తెప్పించుకుంటాను.” ఆ ఎండాకాలం అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. సస్పెండ్ చేసిన అధికారి తీర్పు చెప్పకుండానే వెళ్లిపోతే, విచారణ నా నెత్తిన పడింది. నాకా, కోపం లేకపోయినా జాలి నిండా ఉంది.

నీళ్లు నింపి స్విచ్చి వేశాను. ఫ్యాన్ తిరిగింది, పంపు కదల్లేదు. పక్కన ఒక్కటి చరిచాను. ఊహూఁ. అడుగును తుప్పు తినేసి, నీళ్లు బాల్కనీ అంతా పారాయి. స్విచ్చి తీసేసి నిలబడ్డాను. మెకానిక్కును పిలవనా? కింది తొట్టి అతికించి కొత్తిమీర వెయ్యనా? ఆంటీనే అడిగితే పోలా అనుకుని, చేతులు తుడుచుకుని ఫోన్ తీసి ఆవిడ పేరు నొక్కాను. ఆ నంబరు వాడుకలో లేదని హిందీలో చెప్పే గొంతు వినిపించాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. అక్కడే, ఆ తడి నేల మీదే కూలబడి ఏడ్చాను.

కాసేపటికి బెల్లు మోగింది. “దీదీ, లే జావూఁ?” అన్నాడు కబాడీవాడు. ఇన్నేళ్లలో నా చెయ్యి ఒక్కనాడూ ఈ కూలర్ కోసం వెతకలేదు. “లే జావో” అన్నాను. అతను దాన్ని లిఫ్టు దాకా ఈడ్చుకుంటూ పోతుంటే గుమ్మం దాకా వెళ్లాను. అయినా వెనక్కి పిలవలేదు.

మా ఆయన కాల్ ముగించుకుని వచ్చారు. ఖాళీ బాల్కనీ చూశారు, నా మొహం చూశారు, చేతిలో ఫోన్ మీద ఆంటీ పేరు చూశారు. పక్కన నిలబడి, “ఆ నంబరు తీసెయ్యరాదూ? చూసినప్పుడల్లా బాధ” అన్నారు మెల్లగా.

“ఆ నంబరు విచారణ కూడా ఇప్పుడే అయిపోయిందండీ” అన్నాను. “చెయ్యి వెతికింది.”