గుమ్మానికి అడ్డంగా

అక్క పోయి నెల తిరగకముందే బాబాయి ఫోన్ చేసి, ఆ చక్రాల కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. హాల్లో అడ్డంగా ఉంటుంది కదమ్మా అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆయన ఉద్దేశాలు ఎప్పుడూ మంచివే. చూస్తానులే అని ఫోన్ పెట్టేశాను. ఆ కుర్చీ ఒక్క రోజు, ఒక్క చోట అడ్డంగా ఉండాలని అక్క కోరుకుంది. ఆ రోజున దాన్ని ఇంట్లో వదిలిపెట్టించింది కూడా ఈ మంచి ఉద్దేశమే.

వెన్నులో గడ్డకి ఆపరేషన్ అయ్యాక అక్క కాళ్ళు తిరిగి పనిచెయ్యలేదు. జగ్గయ్యపేటలో మేమిద్దరమే ఉండేవాళ్ళం. ఇంట్లో తను నాకంటే చురుగ్గా తిరిగేది. వంటింట్లోంచి వీధిగది దాకా వచ్చి, అప్పుడే నిద్రలేచిన నన్ను చూసి, నీకంటే నా చక్రాలు నయమే అనేది. చిక్కంతా వీధి గుమ్మం దాటాక మొదలయ్యేది. బస్సులో వికలాంగులకని రాసిన సీటు ఉంటుంది, కానీ దాని దాకా ఎక్కాల్సిన మెట్లు ఆమె ఎక్కలేదు. ఆటోలో నడుము నిలవదు. ఇక మిగిలింది కారు.

కారు వాళ్ళకి ఫోన్ చేస్తే మొదట అడిగేది ఎంతమందని. ఇద్దరం అంటే చిన్న కారు చాలనేవాళ్ళు. చక్రాల కుర్చీ ఉందనగానే గొంతు మారేది. డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉంది, పెద్ద బండి మాట్లాడుకోండి అనేవాళ్ళు. అలా ఇద్దరం మనుషులం ఏడుగురి కిరాయి ఇచ్చి నందిగామ ఆసుపత్రికి వెళ్ళొచ్చేవాళ్ళం. వాళ్ళు ఆ కుర్చీని లగేజీ అనేవాళ్ళు. అది లగేజీ కాదు, ఆమె కాళ్ళు అని ఒకతనితో అన్నాను. కాళ్ళయినా చోటు పడుతుంది కదండీ అన్నాడు, నవ్వుతూనే.

నందిగామలో ఉండే మా అన్నయ్య తన కొడుక్కి పెళ్ళి చేశాడు. రాత్రి ముహూర్తం, అమ్మాయి వాళ్ళ ఊళ్ళో. అంతసేపు కూర్చోలేనని అక్క పెళ్ళికి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున కొత్త జంట నందిగామ ఇంటికి వచ్చి గడప దాటే వేళకి మాత్రం తప్పకుండా ఉండాలనుకుంది. ఆ వేళ ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడాలి. వాళ్ళు ఒకరి పేరు ఒకరు చెప్పి, మేమిద్దరం వచ్చాం అంటేనే దారి ఇవ్వాలి. అబ్బాయికి అక్కచెల్లెళ్ళు లేరు గనక ఆ వంతు మేనత్తలది. ఇద్దరిలో పెద్దది అక్క.

ముందురోజు నాతో కుర్చీ చక్రాలు కడిగించి, ఇరుసులో నూనె వేయించింది. "నిలబడాల్సిన పనేముందే? కుర్చీ అడ్డం పెట్టి బ్రేకు వేస్తా. ఎవరు దాటతారో చూస్తా," అంది. అన్నయ్య తన వీధి మెట్టు మీద కుర్చీ ఎక్కేలా చెక్క వేయించి ఉంచాడు. ఆ విషయం రెండుసార్లు ఫోన్ చేసి మరీ కనుక్కుంది.

పొద్దున్నే డ్రైవరు కాక ఏడు సీట్లున్న కారు వచ్చింది. పేటలో ఉన్న మా వాళ్ళందరికీ అదొక్కటే. పెళ్ళిళ్ళ రోజులు, ఇంకో బండి దొరకలేదు. అందులో బాబాయి, పిన్ని, వాళ్ళ అబ్బాయి, కోడలు, వాళ్ళ పాప ఉన్నారు. మేమిద్దరం ఎక్కితే ఏడుగురం. బాబాయీ వాళ్ళ అబ్బాయీ ముందుగా అక్కని ఎత్తి మధ్య సీట్లో కూర్చోబెట్టారు. తర్వాత కుర్చీ సంగతి వచ్చింది. వెనక సీటు సగం మడిస్తే కుర్చీ పడుతుంది. అలా మడిస్తే దానికి రెండు సీట్ల డబ్బు వేరే ఇవ్వాలన్నాడు డ్రైవరు. బండి నిండా జనం ఎక్కుతున్నందుకు అప్పటికే మామూలు కంటే ఎక్కువ ఒప్పించుకున్నాడు.

నడవలేని మనిషి కుర్చీకి విడిగా వసూలు చెయ్యడం వివక్ష అవుతుందని, దానికి చట్టం ఉందని నేను నిదానంగానే చెప్పాను. అతను విన్నాడు. "మీరు చదువుకున్నోళ్ళు మేడమ్, ఉండే ఉంటది. ఇది మాత్రం స్టాండు రేటండి. నేనొక్కణ్ణి తగ్గిస్తే సాయంత్రం మావోళ్ళు నన్ను స్టాండులో బండి పెట్టనివ్వరు," అన్నాడు. సరే, నేనే ఇస్తానన్నాను. వాదన అక్కడితో అయిపోవాలి.

అవలేదు. సీటు మడిస్తే కోడలు పాపని ఒళ్ళో పెట్టుకుని వెనక ఇరుక్కుని కూర్చోవాలి. పట్టుచీర నలుగుతుందని ఆ అమ్మాయి పైకి అనలేదు. చీర కుచ్చిళ్ళ వైపు ఒకసారి, పిన్ని వైపు ఒకసారి చూసింది. పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి నా భుజం తట్టి, అంత డబ్బు దండగెందుకమ్మా అన్నాడు. కారు కిటికీలోకి వంగి అక్కతో అన్నాడు:

"మేం లేమా పెద్దమ్మాయ్? పువ్వులా ఎత్తి పువ్వులా దించుతాం. ఆ కుర్చీ మోసుకెళ్ళడం ఎందుకు?"

"నేనేమన్నా పెళ్ళికూతుర్నా బాబాయ్, మేనమామలు గంపలో ఎత్తుకెళ్ళడానికి?" అంది అక్క.

అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే బాబాయి కుర్చీని ఇంట్లోకి తోసేసి తలుపు దగ్గరగా వేశాడు. నవ్వు తగ్గాక అక్క మళ్ళీ, ఈసారి నవ్వకుండా, నాకు కుర్చీ కావాలి అంది. టైమవుతోందమ్మా అంది పిన్ని. కిందికి దిగి కుర్చీ తెచ్చుకోవాలంటే అక్కకి ఆ కుర్చీయే కావాలి. నేను దాన్ని మళ్ళీ బయటికి తెస్తే బాబాయి హ్యాండిల్ పట్టుకుని, శుభమా అని వెళ్తూ మొండితనమేంటమ్మా అన్నాడు. వదిలెయ్యవే, ఆలస్యమైతే అసలుకే మోసం అని అక్క లోపల్నుంచి అంది. తలుపు తాళం వేశాను.

నందిగామ దాకా ముందు సిమెంటు లారీలు వరసగా వెళ్తుంటే డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. బాబాయి వెనక్కి తిరిగి, చూశావా ఎంత ఫ్రీగా ఉందో అన్నాడు.

అక్కడ దించడం నేను చూడకుండా ఉంటే బాగుండేది. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద పట్టుకున్నారు. చీర మోకాళ్ళ దాకా లేచింది. పిన్ని పరిగెత్తుకొచ్చి కిందికి లాగింది. షామియానాలో ఉన్నవాళ్ళంతా మాటలాపి చూశారు. వాకిట్లో మంచినీళ్ళ క్యాన్ల పక్కన చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇక్కడ హాయిగా గాలి వస్తుంది అని చెప్పి ఇద్దరూ టిఫిన్లకి వెళ్ళారు. పక్కకి ఒరిగిపోకుండా అక్క ఒక చేత్తో షామియానా గుంజ పట్టుకుంది. కాఫీ తెస్తే వద్దంది. మంచినీళ్ళూ తాగలేదు. తాగితే ఆ తర్వాత మళ్ళీ ఎవరో ఎత్తాలి, మళ్ళీ అందరూ చూడాలి.

కొత్త జంట కారు వచ్చింది. నన్ను గుమ్మం దగ్గర పెట్టమని చెప్పవే అంది అక్క. నేను లోపలికి పరిగెత్తాను. బాబాయి విస్తరి ముందు ఉన్నాడు. ఒక్క నిమిషం అన్నాడు. వాళ్ళబ్బాయి ఫోన్‌తో వీడియో తీస్తూ జనంలో ఉన్నాడు. వెనక్కి వచ్చి, అక్కతో సహా ఆ ప్లాస్టిక్ కుర్చీని నేనే లాగబోయాను. కుర్చీ కాలు మట్టిలో దిగబడి వంగింది. ఆపు, పడతాను అంది.

వదిన వైపు చుట్టం ఒకావిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. మాకు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. నవ్వులు వినిపించాయి, తర్వాత చప్పట్లు.

"పేర్లు చెప్పారా?" అని అడిగింది అక్క.

చెప్పినట్టున్నారు అన్నాను.

"నాకు వినపళ్ళా. నేనైతే వీధి చివరికి వినపడిందాకా వదిలేదాన్ని కాదు," అంది.

తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు, పెద్దావిడని ఎక్కించడానికీ దించడానికీ చాలాసేపు పట్టిందని వెయిటింగ్ కింద ఇంకొంత అడిగాడు. బాబాయి బేరమాడకుండా ఇచ్చేశాడు. అతను అడిగింది అన్యాయమే. కానీ అతను కుర్చీకి ఒక రేటు చెప్పాడు. ఇస్తే కుర్చీ వస్తుంది, ఇవ్వకపోతే రాదు. ఉచితంగా ఎత్తుకుంటామన్నవాళ్ళు పెట్టిన ఖర్చు మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆమెని ఎక్కడ దించాలో, ఎప్పుడు మళ్ళీ ఎత్తాలో, ఎవరి విస్తరి అయిందాకా ఆమె ఆగాలో అన్నీ వాళ్ళ ఇష్టం. పైగా కృతజ్ఞత చూపించాలి. ఇంటి దగ్గర దించాక అక్క థాంక్స్ బాబాయ్ అంది.  

కొన్ని వారాల తర్వాత కొత్త జంటని మా ఇంటికి భోజనానికి పిలిచాం. బాబాయిని అక్కే పిలవమంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం వాళ్ళ కారు ఆగిన చప్పుడు వినగానే అక్క వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి, కుర్చీని గడప మీదికి అడ్డంగా తిప్పి బ్రేకు వేసింది.

పిల్లలిద్దరూ మెట్ల మీదే ఆగిపోయారు. పొద్దస్తమానం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేవాళ్ళే, అక్క ముందు సిగ్గుపడ్డారు. అబ్బాయి, అది ఆరోజే అయిపోయింది కదత్తా అన్నాడు. నేను వినలేదు గనక అవలేదు అంది అక్క. అబ్బాయి గొణిగాడు. వినపళ్ళేదంది. మళ్ళీ చెప్పాడు. ఇక అమ్మాయి వంతు.

వాళ్ళ వెనకే, మెట్ల కింద, ఎండలో బాబాయి నిలబడి ఉన్నాడు. ఆకలిగా ఉన్నట్టున్నాడు. చాల్లే పెద్దమ్మాయ్, వేళాకోళం, పక్కకి జరుపుతా ఉండు అంటూ అబ్బాయి పక్కనుంచి చెయ్యి చాచి కుర్చీ హ్యాండిల్ పట్టుకుని లాగాడు. చక్రం కదల్లేదు.

"చెయ్యి తియ్యి బాబాయ్," అంది అక్క. గొంతు పెంచలేదు.

ఆయన తీశాడు. అక్క అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. తొందరేం లేదు," అంది.