ట్యాగు తెంపకురా!

మా పిన్ని ఏ వస్తువునీ కొనేది కాదు. పరీక్షకు తెచ్చేది.

పెళ్ళిచూపుల్లాంటి పరీక్ష కాదది. పెళ్ళిచూపులు ఒక్క పూటలో ముగుస్తాయి. పిన్ని పరీక్ష నెల రోజులు. షాపు నుంచి వచ్చింది కెటిలైనా, బల్లదీపమైనా, గోడగడియారమైనా, ట్యాగు తెంపకుండా, ప్లాస్టిక్ విప్పకుండా ఇంట్లో ఒక మూల బుద్ధిగా కూర్చోవాలి. నెల తిరిగేలోగా "అయ్యో, ఇది లేకపోతే గడవదే!" అని ఇంట్లో ఎవరో ఒకరు ఏడవాలి. ఎవరూ ఏడవకపోతే అది వచ్చిన దారినే మళ్ళీ షాపుకి. మా ఇంట్లో ఏడుపులు చాలా తక్కువ. అందువల్ల షాపుకి వెళ్ళే వస్తువులే ఎక్కువ.

ఈ జబ్బు ఆవిడకు పుట్టుకతో రాలేదు. ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఒక దుప్పటి అంటించింది. ఆ దుప్పటి మెడదాకా లాక్కుంటే కాళ్ళు బయటికొచ్చేవి, కాళ్ళు దాచుకుంటే భుజాలు బయటికొచ్చేవి.

"వాపసు ఇచ్చేస్తానండీ," అంది పిన్ని.

"అమ్మింది ఎవడు వెనక్కి తీసుకుంటాడే, పిచ్చిదానా!" అన్నాడు బాబాయి.

ఆయన మాటలో తప్పేమీ లేదు. మేం పుట్టి పెరిగిన చోట షాపు యజమాని నెత్తిమీద, దేవుడి పటం పక్కనే, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు ఉంటుంది. దేవుడైనా కరుగుతాడేమో గానీ ఆ బోర్డు కరగదు. అందుకని పిన్ని యుద్ధానికి వెళ్ళినట్టు వెళ్ళింది. అద్దం ముందు నిలబడి పోట్లాట సాధన చేసుకుంది. అవసరమైతే వాడదామని కొంచెం ఏడుపు కూడా దాచి ఉంచుకుంది. ఇక్కడి భాష ఆవిడకు రాదు కనక తోడు నన్ను తీసుకెళ్ళింది.

కౌంటర్లో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ దుప్పటి అందుకుంది, బిల్లు చూసింది, నవ్వింది, డబ్బు చేతిలో పెట్టింది. పైగా శ్రమ ఇచ్చామంటూ క్షమాపణ చెప్పుకుంది. పిన్ని అక్కడే నిలబడిపోయింది. తనతో తెచ్చుకున్న పోట్లాట ఎక్కడ దించాలో తోచలేదు.

"అదేంట్రా, ఒక్క మాట అనకుండా ఇచ్చేసింది?" అంది బయటికొచ్చాక, మోసపోయిన మొహంతో.

"ఇక్కడి పద్ధతి అంతే పిన్నీ. నెల రోజుల్లో ఏదైనా వాపసు తీసుకుంటారు."

పిన్ని నడక ఆపింది. "ఏదైనా?"

"ఏదైనా."

మా ఇంటి ఆర్థిక విధానం ఆ ఫుట్‌పాత్ మీదే మారిపోయింది.

ఇల్లంటే రెండు గదులు. మనుషులం నలుగురం: హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పిన్ని, గోదాములో పెట్టెలు ఎత్తే బాబాయి, బడికెళ్ళే వాళ్ళమ్మాయి, డిగ్రీ కాగితం పట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటూ వాళ్ళ వెంటే వచ్చిన అక్క కొడుకుని నేను. వచ్చే జీతాలు రెండు. మొదటిదాన్ని ఇంటద్దె నమలకుండా మింగేసేది. రెండోదాని చుట్టూ కరెంటు, బస్సు, బడి, తిండి అన్నీ వాటాల కోసం వచ్చిన దాయాదుల్లా నిలబడేవి. పిన్ని మధ్యలో నిలబడి అందరికీ సర్దిచెప్పేది.

"ఈ చలికాలం అప్పు చెయ్యకుండా దాటాలి. దాటి తీరతాం. ఎలా అని మాత్రం నన్నడక్కండి," అనేది. ఎవరూ అడిగేవాళ్ళం కాదు. అడిగితే ఆ రోజు గిన్నెలు తోమే పని వాళ్ళమీద పడేది.

ఒక్క విషయంలో మాత్రం పిన్ని మహా నిష్ఠాపరురాలు. వాడిన వస్తువుని చచ్చినా వాపసు ఇచ్చేది కాదు. "వాడుకుని తిరిగివ్వడం దొంగతనంరా. నేను దాని మొహం చూస్తానంతే. నెల రోజులు కళ్ళెదుట ఉన్నా దానితో పని పడలేదంటే అది మనకి అక్కర్లేదన్నమాట." ఆ లెక్కన మాకు అక్కర్లేదని తేలినవాటిలో ఇస్త్రీపెట్టె ("రోజంతా ఆ పనే చేసి వస్తున్నా, మళ్ళీ దాని మొహం చూడాలా?"), గడియారం ("పక్కవాళ్ళది గోడలోంచి వినిపిస్తూనే ఉందిగా"), బల్లదీపం ఉన్నాయి.

వాపసు కౌంటరావిడని పిన్ని "వదినా" అని పిలిచేది. మాట్లాడేది పూర్తిగా తెలుగులో.

"చూడు వదినా, దీపం మంచిదే. వంక పెట్టడానికి లేదు. మాకే దాని అవసరం పడలేదు. నువ్వు మనసులో ఏం పెట్టుకోకు."

"ఏమంటున్నారు?" అని కళ్ళజోడావిడ నన్నడిగేది.

"అక్కర్లేదటండీ."

"అంతసేపు మాట్లాడారు కదా?"

"మిగతాదంతా మిమ్మల్ని పొగిడారు."

ఒకసారి పరీక్షకు ఒక కుర్చీ వచ్చింది. దాన్ని గది మధ్యలో పెట్టి మేం నలుగురం చుట్టూ చాప మీద కూర్చునేవాళ్ళం, అదేదో మా సభకు అధ్యక్షత వహిస్తున్నట్టు. కూర్చుంటే వాడినట్టే కదా! సరిగ్గా అప్పుడే బాబాయి వాళ్ళ సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. ఓవర్‌టైము ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే కనక బాబాయే బతిమాలి టీకి పిలిచాడు. ఆయన లోపలికొస్తూనే, ఎవరూ రమ్మనకముందే, తిన్నగా వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. ప్లాస్టిక్ కరకరమంది.

"కూర్చున్నాడు!" అంది పిన్ని వంటగదిలో, గుండె మీద చెయ్యేసుకుని. "ఇంక అది మనదే. ఈ నెల బడ్జెట్ మీద కూర్చున్నాడురా ఆ మనిషి!"

అది చాలనట్టు, ఆయన టీ తాగి వెళ్తుంటే చెల్లెలు కిటికీలోంచి కేక పెట్టింది. "అమ్మా, ఆయన వీపు మీద సగం ధర అని ఉంది!" కుర్చీకి అంటించిన ఎర్ర చీటీ ఆయన కోటుకి అంటుకుపోయి, ఆయనతోపాటు వీధిలో నడిచి వెళ్తోంది.

"పరిగెత్తండి, పీక్కుని రండి!" అంది పిన్ని. బాబాయి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. సూపర్‌వైజరుని వెనకనుంచి గట్టిగా కావలించుకుని, వీపంతా ఆప్యాయంగా నిమిరి, చీటీ గుప్పెట్లో పట్టుకుని తిరిగొచ్చాడు. తనని ఇంతగా ప్రేమించే పనివాడు ఉన్నాడని ఆయనకి అంతవరకూ తెలియదట. ఓవర్‌టైము బాబాయికే ఇచ్చాడు. ఆ దెబ్బకి పిన్ని కుర్చీని క్షమించింది.

ఇక నా సంగతి. వచ్చి చాలాకాలమైంది, ఉద్యోగం రాలేదు. కూర్చుని తినేవాడికి ముద్ద గొంతు దిగదు. మొదటి వడ్డన అవగానే "కడుపు నిండిపోయింది పిన్నీ" అనడం నేర్చుకున్నాను. ఒక సాయంత్రం ధైర్యం చేసి అందరి ముందూ చెప్పేశాను, "నెలాఖరుదాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే వెనక్కి వెళ్ళిపోతాను."

పిన్ని మాత్రం, "నెలాఖరు ఇంకా ఎక్కడో ఉంది, ముందు కంచం కడుక్కో," అంది.

మర్నాడు లాండ్రీ నుంచి వస్తూ ఒక నల్ల కోటు తెచ్చింది. బొత్తాలు, జేబులు, లోపల నున్నటి గుడ్డతో అసలు సిసలు పెద్దమనిషి కోటు.

"నాకొద్దు పిన్నీ. నా స్వెట్టరు చాలు."

"నీ స్వెట్టరు చూస్తే ఉద్యోగం ఇవ్వరు, పాత బట్టలిస్తారు."

"దండగ ఖర్చు. నేను తొడుక్కోను."

"నీకెవరు కొన్నారని? పరీక్షకు తెచ్చాను. ఇంటర్వ్యూలకి తొడుక్కో. నెలాఖరుకి వాపసు ఇచ్చేద్దాం. ట్యాగు మాత్రం తెంపకురా!"

వాపసు అనే మాట వినగానే నా అభిమానం చల్లబడింది. ఎవరికీ నష్టం లేదు కదా అనుకుని తొడుక్కున్నాను. ట్యాగు అరచేయంత ఉంది, కుడి చంకలో వేలాడుతోంది. దాన్ని చేత్తో నొక్కిపెట్టి, చంకలో థర్మామీటరు పెట్టుకున్న రోగిలా ప్రింటింగ్ ప్రెస్సు ఆఫీసుకి వెళ్ళాను.

లోపల వేడి దంచేస్తోంది. మేనేజరమ్మ మంచి మనిషి. "కోటు తీసి తగిలించుకోండి," అంది.

"పర్వాలేదండీ, చలిగా ఉంది," అన్నాను. నుదుటి మీది చెమట బల్ల మీద టప్పున పడింది.

ఆవిడ అడిగినవాటికి బాగానే చెప్పాను. చివర్లో గోడ మీది పటం చూపించి ఈ యంత్రం పేరు తెలుసా అంది. ఉత్సాహం పట్టలేక కుడిచెయ్యి ఎత్తి చూపించాను. ట్యాగు జారి ఆవిడ ముక్కు ముందు ఉయ్యాల ఊగింది.

"అయ్యో, తీయడం మర్చిపోయారా?" అని ఆవిడ జాలిగా సొరుగులోంచి కత్తెర తీసింది.

"వద్దు!" అని నేను పెట్టిన కేకకి యంత్రం దగ్గర పనివాళ్ళు ఆగిపోయారు. మేనేజరమ్మ కత్తెర తనే వెనక దాచుకుంది. ఆ ఉద్యోగం నాకు రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

తరవాత వెళ్ళిన రెండు చోట్లా నోరు తెరవడానికే జంకాను. నెలాఖరు వచ్చింది. వెళ్ళేముందు కోటు డబ్బైనా ఇంటికి చేర్చి వెళ్దామని, పిన్ని పనికి వెళ్ళిన వేళ చూసి, దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని షాపుకి వెళ్ళాను.

కళ్ళజోడావిడ కోటు విప్పి చూసి తల అడ్డంగా తిప్పింది.

"ఇది తీసుకోలేనండి. అదిగో, ఆ మూల అరలోవి చవకగా ఇస్తాం గానీ వాపసు తీసుకోం. మీ పిన్నిగారికి ఆరోజే చెప్పాను, సైగలు చేసి మరీ."

"ఆవిడకు అర్థమై ఉండదు."

"ఎందుకవదు? ముందు పక్క అరలోది తీశారు. అది వాపసు ఇవ్వొచ్చు అన్నాను. వెంటనే దాన్ని అక్కడే పెట్టేసి ఇది తీసుకున్నారు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా సర్వీసులో చాలామందిని చూశాను. ఆవిడంతగా వాపసు ఇచ్చినవాళ్ళు లేరు. ఆవిడే ఇలా ఎందుకు చేశారో మీరైనా అడిగి చెప్పండి."

దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. వాడిన వస్తువు వాపసు ఇవ్వని మనిషి నన్ను ఊరంతా కోటు తొడుక్కుని తిరగమన్నప్పుడే నాకు తెలియాలి. ఆ మాత్రం తెలియనివాడికి ఉద్యోగం ఎలా వస్తుంది?

పిన్ని వచ్చీ రాగానే సంచి ముందు పెట్టాను.

"నిన్నెవరు వెళ్ళమన్నారు?" అంది, దొంగతనం చేసింది నేనైనట్టు.

"వాపసు ఇవ్వలేనిది కావాలని ఎందుకు తెచ్చావు?"

"నా సంగతి నాకు తెలియదూ? నెలాఖరు దగ్గరపడితే నా చెయ్యి ఊరుకోదు. ఏ పూటో కరెంటు బిల్లు చూసి నీ కోటు పట్టుకుని పరిగెడతాను. అందుకే దారి మూసేసి తెచ్చుకున్నా."

"మరి ట్యాగు తెంపొద్దని ఎందుకన్నావు?"

"తెంపెయ్యి అంటే తొడుక్కునేవాడివా, అభిమానధనుడివి!"

"ఆ ట్యాగు వల్లే ఉద్యోగం పోయింది పిన్నీ!"

"కత్తెర తీసుకుని ఎదురొస్తే తెంపించుకోక, కేకలు పెట్టింది నువ్వా, నేనా?"

"డబ్బెక్కడిది?" అన్నాను చివరికి.

"ఈ గదిలో హీటరు వెయ్యడం మానేశాం కదా. అందరం రాత్రిళ్ళు ఒకే గదిలో దేనికి కూర్చుంటున్నాం అనుకున్నావు? మీ బాబాయి కబుర్ల కోసమా?"

"నా కబుర్లకేం?" అన్నాడు బాబాయి పక్కగదిలోంచి.

పిన్ని కత్తెర తెచ్చి, "చెయ్యెత్తు," అంది. టక్కుమంది. ట్యాగు పొయ్యి పక్కనున్న చెత్తబుట్టలో పడింది. "రేపు మీ బాబాయి చెప్పిన సైకిలు విడిభాగాల కంపెనీకి వెళ్ళు. అక్కడ కాకపోతే ఇంకో చోట. ఎంత చలికైనా అందరం ఒక గదిలో పడతాం, ఆ సంగతి తేలిపోయింది కదా. వెళ్ళిపోతానన్న మాట ఇంకోసారి వినిపిస్తే గిన్నెలన్నీ నీవే." అని కంచంలో రెండో వడ్డన కూడా ఒకేసారి వడ్డించేసింది.

మర్నాడు రెండు చేతులూ తిప్పుతూ మాట్లాడాను. మనిషికి రెండు చేతులుంటే ఎంత తెలివిగా కనిపిస్తాడో అప్పుడు తెలిసింది. సాయంత్రం ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాను.

"పిన్నీ, వచ్చింది! కాకపోతే ఒక మెలిక ఉంది. నెల రోజులు చూస్తారట. నచ్చితే ఉంచుకుంటారట."

పిన్ని చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది.

"తప్పేముంది? తెలివైనవాళ్ళు. నేనైనా అంతే చేస్తాను," అంది. "కానీ మీ మేనేజరుకి ఒక్కమాట చెప్పు. నెలయ్యాక వాపసు ఇద్దామనుకుంటాడేమో, ఇక్కడ కౌంటర్లో ఉండేది నేను. బిల్లు తెచ్చినా తీసుకోను!"