చుక్క కూడా బయటికి పోదని రాసిచ్చాను

నీళ్ళ బిల్లులో కొత్తగా మురుగునీటి ఛార్జీ కనిపించిన రోజున నా అనుమానం మొదట పక్కింటావిడ మీదికి పోయింది. నెల్లిమర్ల రోడ్డులో మా ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్కనే ఆవిడ డాబా. వడియాలు పెట్టి అమ్ముకుంటుంది. యంత్రాల వేడినీళ్ళు చల్లార్చే మా కూలింగ్ టవర్ తుంపర్లకి అవి తడిసిపోతున్నాయని మూడేళ్ళ కిందట మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది. మళ్ళీ వాళ్ళకి ఏదో ఎక్కించి ఉంటుందనుకున్నాను.

మా తాతగారికి మూడు రైసు మిల్లులు ఉండేవి. మిగిలింది ఈ ఫ్యాక్టరీ ఒక్కటే. ఈ ఛార్జీ కట్టాలంటే అది వేసవి దాటి నడవదు. అయినా, అర్జీలు పుచ్చుకున్న ఇంట పుట్టి అర్జీ పట్టుకెళ్ళడం నా వల్ల కాలేదు. ఉత్త చేతులతోనే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, ఇంజినీరు కుర్చీ చూపించినా నిలబడే మాట్లాడాను.

"టవర్‌కి పట్టిన నీళ్ళు చాలావరకు ఆవిరైపోతాయి. కాలవలోకి పోని నీటికి ఛార్జీ ఏమిటి?"

అతను పాత ఫైలు తెప్పించి చదివాడు. 'మా టవర్ నుంచి ఆవిరి గాని, తుంపర గాని, చుక్క కూడా బయటికి పోదు.' కింద నా సంతకం. ఆవిడ అర్జీకి నేనిచ్చిన జవాబు అది.

"మరేటండి, అప్పుడు పోని నీళ్ళు ఇప్పుడెలాగ పోతన్నాయండి? రేపొచ్చి సూస్తాను. ఆవిడ కూడా ఉండాల."

ఆ సాయంత్రం మొదటిసారి ఆవిడ డాబా మెట్లెక్కాను. గుడ్డ మీద వడియాలు ఒలుస్తోంది.

"ఏటి బాబూ, దారి తప్పొచ్చారా?"

సంగతి చెప్పాను. ఛార్జీ మాట ఇప్పుడే వింటున్నానంది. నటిస్తోందేమోనని ముఖంలోకి చూశాను.

"అయితే నా వడియాలు తడిసినట్టేనా?"

"తడిసి ఉండవచ్చు."

"ఉండొచ్చేటి బాబూ! తడిసినాయా, నేదా?"

"తడిశాయి."

"ఆ మాట రేపు ఆ బాబు ముందర సెప్పండి. నా వేపు రేకులు కట్టిస్తానని నాకు మాటివ్వండి. తరవాత నాను సెప్తాను."

మర్నాడు పొద్దున్న, టవర్ మీద తెల్లగా ఆవిరి లేస్తుండగా, నేను రాసిచ్చింది అబద్ధమని ఇంజినీరుకి చెప్పాను. తుంపర్లు ఆరి తన గోడ మీద మిగిలిన ఉప్పు చారలు ఆవిడ చూపించింది. అతను రాసుకున్నాడు.

తర్వాతి బిల్లులో ఆవిరయ్యే నీటికి ఛార్జీ లేదు. వేరే పేరుతో ఎక్కడైనా దాచారేమోనని రెండుసార్లు తిప్పి చూశాను. మాట ప్రకారం ఆవిడ వైపు రేకులు కట్టించాను. ఇప్పుడు చుక్క కూడా పడటం లేదని వీధిలో అందరికీ మెచ్చుకుంటూ చెబుతోందట. అది ఆ ఇంజినీరు చెవిన పడుతుందేమోనని నాకిప్పుడు కొత్త అనుమానం.