అత్తయ్యగారి ఉపవాసం, నా ఫిల్టరు

గోదావరికి వరదలొచ్చాయి, తుఫాన్లొచ్చాయి. కానీ ఒక్కో గ్లాసు మంచినీళ్ళిచ్చి ధవళేశ్వరంలో ఒక వీధి వీధినంతా చలికి వణికించిన ఘనత మాత్రం నాదే. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేను రాజమండ్రిలో పరిశోధక విద్యార్థిని, పైగా కొత్తల్లుణ్ణి. నీళ్ళలోని విషపు లోహాలను పట్టేసే పొడులు తయారుచేయడం నా పని. పొడి గుండా నీళ్ళు పోస్తే సీసం దానికి అతుక్కుపోతుంది, మంచినీళ్ళు కిందికి దిగుతాయి. ఓసారి ధవళేశ్వరంలో అత్తవారింటి బోరు నీళ్ళు పరీక్షిస్తే సీసం బయటపడింది. మా ఆవిడేమో కడుపుతో ఉంది. పురిటికి వెళ్ళేది ఆ ఇంటికే. ఆ నీళ్ళు మానేసి నా పొడితో చేసిన ఫిల్టరు పెట్టుకోమన్నాను.

"మా మావగారు వేయించిన బోరండి. ఈ నీళ్ళు తాగే మీ ఆవిడ అంత అయ్యింది," అన్నారు అత్తయ్యగారు.

కాళ్ళావేళ్ళా పడితే చివరికి మెత్తబడ్డారు. "కార్తీక సోమవారం నాడు మా ఇంట్లోనే వీధిలో ఆడవాళ్ళందరం ఉపవాసం విడుస్తాం. వాళ్ళకి నచ్చితే మీ ఫిల్టరే పెట్టుకుందాం."

ఆ సాయంత్రం చుక్క కనబడగానే ఆడవాళ్ళందరికీ నా చేత్తో నేనే నీళ్ళందించాను.

"ఎంత తియ్యగా ఉన్నాయండీ!" అన్నారు పక్కింటి వెంకాయమ్మగారు. "ఇందులో ఏం వేశారు బాబూ?"

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. నా శని నోట్లో ఊరికే కూర్చోలేదు, లేచి పాఠం చెప్పింది.

"రొయ్య పెంకులండి!"

గ్లాసులన్నీ గాల్లో ఆగిపోయాయి.

"రొయ్యలంటే... చెరువుల్లో రొయ్యలేనా?"

"అవునండి. కంగారు పడకండి, లోపల రొయ్య ఉండదు."

"కార్తీకమాసంలో పెంకైతే మాత్రం!" అత్తయ్యగారు గ్లాసు కింద పెట్టేశారు.

"శుభ్రంగా యాసిడ్‌లో కడిగానండి, తర్వాత గంటలకొద్దీ ఉడికించాను..."

"ఓరి దేవుడో, వండాడంట కూడానూ!" అని కేక పెట్టారు వెంకాయమ్మగారు.

అంతే! ఆ చలిలో అందరూ బోరు దగ్గరికి పరుగెత్తి తలమీద బకెట్లు కుమ్మరించుకున్నారు. నేను ఏ నీళ్ళు వద్దన్నానో ఆ నీళ్ళతోనే నోళ్ళు పుక్కిలించారు. తలుపు వెనక మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడే పరుగున ల్యాబ్‌కి వెళ్ళి, కొబ్బరి చిప్పల బొగ్గుతో ఇంకో ఫిల్టరు చేసి తెచ్చి అత్తయ్యగారి కాళ్ళమీద పడ్డాను. పుట్టబోయే మనవడి మొహం చూసి పెట్టించుకున్నారు. నెల తిరిగింది, కార్తీకం వెళ్ళిపోయింది. ఓ ఆదివారం పొద్దున్నే అత్తయ్యగారి ఫోను.

"అల్లుడుగారూ, ఈ నీళ్ళు బానే ఉన్నాయిగానీ, ఆ తీపి లేదండి."

"అంటే అత్తయ్యగారూ..."

"నెల వెళ్ళిపోయిందిగా. ఆ రొయ్యలదే పట్టుకొచ్చేయండి. వెంకాయమ్మగారు కూడా ఒకటి కావాలంటున్నారు."

కనుక గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరికి గ్లాసుడు నీళ్ళివ్వాలన్నా, ముందు పంచాంగం చూస్తాను, ఆ తర్వాతే ల్యాబ్ రిపోర్టు.