వెనక ఎవరో ఊ కొడుతున్నారు

ముందు సంతోషమైన సంగతి చెప్పేస్తాను, లేకపోతే నాకు ఊపిరాడదు. నా గొంతు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉంది. మా అవ్వ దగ్గర విన్న కథ ఒకటి నేను చెప్పి పెడితే, దాన్ని ఎవరో విజయవాడ బస్సులో వింటూ పోయారట, ఎవరో దుబాయ్‌లో వంట చేసుకుంటూ విన్నారట. కింద వాళ్ళే రాశారు. మా ఇంట్లో నాకన్నా ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. మా నాయన సంతకం పెట్టడం నేర్చుకున్నదే నన్ను బడిలో చేర్చడానికి. అట్లాంటి ఇంట్లోంచి ఒక గొంతు అంత దూరం పోయిందంటే చెప్పకుండా ఎట్లా ఉంటాను?

అయితే విన్నవాళ్ళు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. వెనక ఊ కొడుతున్న పెద్దావిడ ఎవరు అని. ఆ జవాబు నాలుగు ముక్కల్లో కింద రాసేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది నగరి. మా వీధిలో గోడకు గోడ ఆనుకుని అన్నీ పవర్ మగ్గాలే. మా ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలు, వెనక గదుల్లో మేము. పొద్దున మొదలైన చప్పుడు రాత్రి దాకా ఆగదు. అది చప్పుడని కూడా మాకు అనిపించదు. తిరుపతిలో కాలేజీలో చేరిన మొదటి రోజు మేడం పేరు అడిగితే చెప్పాను. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. అరిచానట. మా ఇంట్లో ఉప్పు అందుకోమనాలన్నా అరవాలి, లేదంటే చేత్తో సైగ చెయ్యాలి. మామూలుగా మాట్లాడటం అనేది ఒకటుందని నాకు కాలేజీలోనే తెలిసింది.

డిగ్రీ పాసయ్యాక, తిరుపతిలో మూసేస్తున్న ఒక నెట్ సెంటర్ నుంచి నాయన నాకొక పాత కంప్యూటరు తెచ్చిచ్చాడు. ఆటోలోంచి దాన్ని పసిబిడ్డను దించినట్టు దించాడు. నేను ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకుంటానని ఆయన ఆశ. పెట్టాను కూడా. ఆ వెతుకులాటలోనే ఒక బృందం కనిపించింది. చూపు లేనివాళ్ళ కోసం, చదవడం రానివాళ్ళ కోసం, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కథ చెప్పి పంపితే నెట్‌లో పెడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన కథలైతే మరీ మంచిదన్నారు. ఒకటే షరతు: వెనక చప్పుడు ఉండకూడదు.

నగరిలో!

మా వీధికి నిశ్శబ్దం వచ్చేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే కంప్యూటరూ పోతుంది. దానితోపాటు వచ్చిన పాత యూపీఎస్ కాసేపు నిలబెడుతుంది కానీ, ఆ కాసేపూ కీచుకీచుమంటూనే ఉంటుంది. రిపేరు అంగడికి తీసుకుపోతే ఆయన లోపల ఏదో వైరు తెంపేసి, "ఇంక సప్పుడు సెయ్యదు పాపా. ఆరిపొయ్యేటప్పుడు గూడా సెప్పదు, సూసుకో" అన్నాడు.

అట్లా మొదలైంది. కరెంటు పోగానే నేను వెనక గదిలోకి పరిగెత్తి, కిటికీకి బొంత కట్టి, మైకు ముందు కూర్చునేదాన్ని. మొదట్లో నోరు తెరిస్తే చాలు, తెర మీద గొంతు ఎంత పెద్దగా ఉందో చూపించే గీతలన్నీ ఎర్రగా అయిపోయేవి. అరుస్తున్నానన్నమాట. మెల్లగా మాట్లాడటం మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. మా అమ్మకు ఇదంతా అయోమయం.

"డిగ్రీ సదివి ఇదా పని? కరెంటు పోతానే గదిలో దూరి ఒంటిగా మాట్లాడుకుంటాండావు. పక్కింటామె అడగతాండాది, మీ పాపకు బాగుండాదా అని."

"కథ చెప్తాండా మా."

"ఎవురికి?"

"అందరికీ."

"అందరూ యాడుండారు?" అంటూ అమ్మ గది మూలలన్నీ చూసింది.

ఆ గది మా అవ్వది. నాయనను కన్న తల్లి. పోయిన ఎండాకాలం దాకా ఆమె మంచం అక్కడే ఉండేది. అవ్వ నాకు కథలు చెప్పింది కూడా కరెంటు పోయినప్పుడే, ఎందుకంటే మిగతా వేళల్లో చెప్పినా వినపడేది కాదు. మగ్గాలు ఆగగానే నేను పోయి ఆమె పక్కలో దూరేదాన్ని. ఆమె చెప్పడం, నేను ఊ కొట్టడం. ఒక్క ఊ తప్పిపోతే ఆగిపోయేది. "ఊ కొట్టకుంటే ఎవురికే నేను సెప్పేది, గోడకా?" అనేది. కరెంటు వస్తే కథ ఎక్కడుంటే అక్కడే వదిలేసేవాళ్ళం.

ఆమె పోయింది కూడా ఒక మధ్యాహ్నం, మగ్గాలు ఆడుతుండగా. నేను తిరుపతిలో పరీక్ష రాస్తున్నాను. అమ్మ రేషన్ షాపుకు పోయింది. నాయన ఒక్కడే మగ్గం మీద ఉన్నాడు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో నాయన ముందు గదిలోంచి, "మా, నీళ్ళు తాగతావా?" అని అడిగాడట. పలుకు లేదు. ఇంకోసారి అడిగాడు. లేచి పోయి చూస్తే అప్పటికే అయిపోయింది.

"పిలిచినాదేమో, నాకు వినపడ్లా. మగ్గం సప్పుడు" అని చూడటానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. అడగనివాళ్ళకు కూడా చెప్పాడు. అప్పటి నుంచి కరెంటు పోతే ఆయన ఇంట్లో ఉండడు. చెప్పులేసుకుని వీధి చివర టీ అంగడి దగ్గరికి పోతాడు. మగ్గాలు మొదలైన చప్పుడు వినపడ్డాకే తిరిగి వస్తాడు. ఎందుకని మేమెవరం అడగలేదు.

నేను ఎంచుకున్న కథ, నీడను మరిచిపోయొచ్చిన కోడలి కథ. కొత్తకోడలు అత్తగారింటి గడప దగ్గర నిలబడితే అత్త చూసి, నీ నీడ యాడ అని అడుగుతుంది. పుట్టింటి నుంచి బయలుదేరే తొందరలో అది అక్కడే ఉండిపోయింది. నీడ లేని కోడలు నాకొద్దు, పోయి తెచ్చుకో అంటుంది అత్త. కోడలు వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. చాలాసార్లు తప్పులు పోయి, చాలాసార్లు యూపీఎస్ మధ్యలో ఆరిపోయి, చివరికి ఒక మధ్యాహ్నం కథ మొత్తం ఒక్క బిగిన వచ్చింది. అమ్మ వీధి కుళాయి దగ్గర ఉంది. నాయన టీ అంగట్లో ఉన్నాడు. పంపేసి, రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు సంతోషంతో.

మరుసటి రోజు ఆ బృందంలో కథలు విని సరిచూసే ఆవిడ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"కథ చాలా బాగుందమ్మా. ఒక్కటే సమస్య. వెనక ఎవరో పెద్దావిడ ఊ కొడుతున్నారు. వినడానికి ముచ్చటగానే ఉంది కానీ, ఆవిడను కాసేపు బయట కూర్చోమని ఇంకోసారి రికార్డు చేస్తావా?"

ఇంట్లో ఎవరూ లేరు కదా అనుకుంటూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. నా గొంతు వినపడింది. కోడలు గడప దగ్గర నిలబడింది అన్నాను, ఆగాను. ఆ ఖాళీలో, చాలా మెల్లగా, ముక్కుతో, చివర కొంచెం పైకి లేస్తూ: ఊఁ.

ఆ ఊ నాకు తెలుసు. నేను చిన్నప్పుడు బడి సంగతులు చెప్తుంటే అవ్వ కొట్టిన ఊ అది. వాక్యం తర్వాత వాక్యం, ఎక్కడా తప్పిపోకుండా కథంతా ఉంది. ఇయర్‌ఫోన్లు తీసేసి వెనక్కి తిరగడానికి నాకు చాలాసేపు పట్టింది. మంచం ఉండిన చోట బట్టల మూట ఉంది. అంతే.

అమ్మకు వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. వింటూనే కర్పూరం వెలిగించింది.

"మీ అవ్వ పోలేదే. ఈడే ఉండాది. నేను సెప్తానే ఉండా, ఆ గదిలో నా పని సూసి ఎవురో సణగతా ఉండారని."

"బతికున్నప్పుడు సణగలేదా మా?"

"అప్పుడు తిరిగి నేనూ అంటాంటి. ఇప్పుడెట్ల అనేది?"

నాయనకు చెప్పొద్దనుకున్నాం. కానీ కర్పూరం వాసనకు ఆయనే వచ్చి అడిగాడు. మగ్గాల దగ్గర ఇన్నేళ్ళుండి చెవులు మందగించిన మనిషి. సౌండు మొత్తం పెంచి ఇయర్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. మొదటి ఊకు ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. రెండో ఊకు కళ్ళు మూసుకున్నాడు. కథ అయిపోయాక, "ఇంకొక తూరి పెట్టు" అన్నాడు. అట్లా ఎన్నిసార్లు విన్నాడో. చివరికి ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, అమ్మకు వినపడకుండా అడిగాడు.

"మళ్ళా ఎప్పుడు సెప్తావు కథ?"

"కరెంటు పోయినప్పుడు."

"నేనూ కూర్సుంటా పాపా. మద్దెలో అమ్మకు ఒక మాట సెప్పుకోవల్ల. వింటాండాది గదా."

అంతవరకు భయమేసిందే కానీ, అందులో కొంచెం సరదా కూడా ఉండింది. నాయన ఆ మాట అన్నాక సరదా పోయింది. ఆయన కరెంటు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు, అది పోవడం కోసం.

ఈలోపు ఒకసారి ఆయన మాకు నూలిచ్చే సావుకారి ఇంటికి నేసిన చీరలు ఇచ్చి రావడానికి పోయినప్పుడు కరెంటు పోయింది. సరిచూసే ఆవిడ అడిగినట్టు మళ్ళీ రికార్డు చేద్దామని కూర్చున్నాను. ఈసారి కళ్ళు తెర మీదే పెట్టాను. కోడలు గడప దగ్గర నిలబడింది అన్నాను. ఆగాను. గీత పడుకుంది. ఆ వెంటనే చిన్నగా లేచింది. నాకేమీ వినపడలేదు. ఇంకో వాక్యం చెప్పి పెదవుల మీద వేళ్ళు పెట్టుకున్నాను. పెదవులు మూసే ఉన్నాయి. వేళ్ళ కింద, ముక్కు ఎముకలో, తుమ్మెద లాగ ఏదో అదిరింది. తెర మీద గీత లేచింది.

నేనే.

చిన్నప్పటి నుంచి ఈ కథకు ఊ కొట్టి కొట్టి, ఇప్పుడు చెప్పేదీ నేనే అయినా, నా గొంతు తన పని మానలేదు. పట్టుబట్టి ఆపి చూశాను. ఆపితే తర్వాతి మాట రావడం లేదు, కథ మొత్తం బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతోంది. సరిచూసే ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను, వెనక ఎవరూ లేరండీ, నేనేనని. ఆవిడ ఆ రికార్డు ఇంకోసారి పెట్టుకుని వింది. తర్వాత, "అయితే దాన్ని తీసెయ్యొద్దమ్మా. అట్లాగే పెట్టేద్దాం" అంది.

అందరి గొంతులూ రికార్డులో వేరేగా వినపడతాయంటారు. నిజమే. కానీ నాది వేరేగా కాదు, ఆమెదిగా వినపడింది. ఆ ఊ నాదని తెలిశాక కూడా నేను ఆ గదిలో ఒంటరిగా ఉన్నానని అనిపించలేదు. గదిలో ఉన్న మనిషి ఇంకా దగ్గరికి వచ్చినట్టనిపించింది.

ఇక నాయనకు చెప్పాలి. రోజూ అనుకోవడం, మగ్గాల చప్పుడులో అది అరిచి చెప్పే మాట కాదని ఊరుకోవడం. అట్లా ఉండగానే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి వీధంతా ఒక్కసారిగా ఆగిపోయింది. నేను గదిలోకి వచ్చేసరికి నాయన అప్పటికే అక్కడున్నాడు. చేతుల నూనె కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, మైకు ముందు కూర్చున్నాడు.

"నాయనా, నీకొకటి చెప్పాల."

"తర్వాత సెబుదువులే. ముందు దీన్ని ఎయ్యి. ఆ పెట్టి ఆరిపోతాది మళ్ళా."

వేశాను. ఆయన మైకు వైపు వంగి, "మా!" అన్నాడు. గీతలన్నీ ఎర్రబడ్డాయి. చేత్తో మెల్లగా అని సైగ చేశాను. ఆయన గొంతు తగ్గించాడు. నాయన అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"మా, ఆ దినం వినపడ్లా అని అందరికీ సెప్పినా. పాపకు గూడా అదే సెప్పినా. వినపడినాది మా. పోగు తెగింటే అతకతా ఉంటి. పేరు పెట్టి పిలిచినావు. అతికేసి పోదామనుకుంటి. అంతలోకే ఇంకొకటి తెగె. అదీ అతికి పోదామనుకుంటి."

ఆగాడు. మైకు వైపే చూస్తున్నాడు, ఊ కోసం.

నేను అప్పటికే రెండు చేతులతో నోరు, ముక్కు నొక్కిపట్టుకుని ఉన్నాను. ఆ మనిషిని మోసం చెయ్యకూడదని. ఊ రాలేదు. నాయన ఎదురుచూశాడు. కిటికీ అవతల ఎవరో బిందె దించిన చప్పుడైంది. ఆయన మైకు వైపు ఇంకొంచెం వంగాడు. ఇంకాసేపు ఏమీ రాకపోతే దానికి ఆయన ఏం అర్థం చెప్పుకుంటాడో నాకు తెలుసు. చేతులు తీసేశాను.

ఊఁ.

నొక్కిపెట్టినందుకేమో, ఎప్పటిలా కాకుండా అది గట్టిగానే బయటికొచ్చింది. నాయన తలెత్తాడు. మైకును కాదు, నన్ను చూశాడు. నా ముక్కును, నా గొంతును చూశాడు.

"నువ్వా?"

"నేనే నాయనా. మొదట్నుంచీ నేనే. తెలియకుండా వస్తాండాది. చెప్పాలనుకుంటానే ఉండా."

లేచిపోతాడనుకున్నాను. చెప్పులు ఎక్కడున్నాయో వెతికినట్టు ఒకసారి గడప వైపు చూశాడు కూడా. కానీ కుర్చీ కొంచెం తిప్పుకుని నాకు ఎదురుగా కూర్చున్నాడు.

"అయితే ఇను" అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ పొద్దున అవ్వ ఏం తిన్నది, ఏమని తిట్టింది, ఏ రంగు చీర మగ్గం మీద ఉంది. నేను ఊ కొడుతూ ఉన్నాను, ఈసారి తెలిసి. యూపీఎస్ ఎప్పుడు ఆరిపోయిందో ఇద్దరం చూసుకోలేదు. మొదటి పోగు దగ్గరికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. పక్కింటి మగ్గాలు, ఎదురింటి మగ్గాలు, వీధి మొత్తం ఒక్కసారిగా అందుకుంది. నాయన ఆపలేదు. గొంతు కూడా పెంచలేదు. పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాటా నాకు అందడం లేదు. ఆయన ఆగిన ప్రతిచోటా నేను ఊ అంటూనే ఉన్నాను.