పద్నాలుగో కుర్చీ

పెరూ దేశపు అరెకిపా ఊళ్లో మా అత్తగారింట్లో భోజనాల బల్ల సర్దేది నలభై ఏళ్లుగా పనిమనిషి ఎడువిజెస్ ఒక్కతే. బాప్తిస్మానికి తెల్లగుడ్డ, పెళ్లికి లేసుగుడ్డ పరుస్తుంది. చావు భోజనానికి పూలు పెట్టదు. ఫోర్కు ఏ పక్కనో నేనింకా ఆమెనే అడుగుతాను.

మొన్న అత్త పుట్టినరోజుకు పిలిచిన పద్నాలుగు మందిలో ఒకరు రాలేదు. ఒకే బల్ల దగ్గర పదమూడు మంది కూర్చుంటే ఏడాదిలో ఒకరు పోతారని మా భయం.

"నువ్వూ కూర్చోవే," అంది అత్త.

"ఈ బట్టల్తోనా అమ్మగారూ?"

"నీ బట్టలెవడు చూస్తాడే, పద్నాలుగైతే చాలు."

ఎడువిజెస్ తాను పేర్చిన చెంచాల ముందే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రార్థన ముగిసింది. అందరం వంటింటివైపు చూశాం.

"సూప్ ఏదే?" అంది అత్త.

ఎడువిజెస్ సగం లేచి ఆగిపోయింది.

"లేవమంటారా, కూర్చోమంటారా అమ్మగారూ?"

వంటింట్లోంచి మాడు వాసన మొదలైంది.