మూడింటికి వస్తుందన్న తిమింగలం

మా మామగారు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అమెరికాలో, శాంటా క్లారాలో మా ఇంట్లో ఉన్న ఆర్నెల్లూ, ఎవరేం చెప్పినా ముందు వాచీ చూసుకునేవారు.

ఒక శనివారం ఆయన్ని మాంటెరే తీసుకెళ్లి, తిమింగలాలు చూపించే పడవ ఎక్కించాను. కాసేపటికి గైడు మైకులో "వేల్, త్రీ ఓ క్లాక్" అంది. పడవ ముందుభాగం పన్నెండు అనుకుంటే, మూడంటే కుడిపక్క. మామగారు వాచీ చూసుకుని, "ఇంకా రెండు గంటలుందమ్మా, లోపల కూర్చుంటా" అన్నారు. వీడియో తీసే హడావిడిలో "సరే మామయ్యా" అనేశాను.

తోక నీళ్లలో మునిగాక గానీ ఆయన గుర్తు రాలేదు. వెళ్లి చెబితే, "బిఫోర్ టైమ్ వచ్చేసిందా?" అన్నారు.

ఆ మాట, తలా ఓ వంటకం తెచ్చుకునే ప్రతి పాట్‌లక్ విందులోనూ ఆయన ఎదుటే చెప్పి అందర్నీ నవ్వించాను. ఆయనా నవ్వేవారు, వాచీ మీద అరచెయ్యి కప్పుకుని. ఇంకోసారి తీసుకెళ్తానన్నాను. వారాంతాలన్నీ ఏవో పనులకే సరిపోయాయి, ఆయన తిరిగి వెళ్లిపోయారు. మరుసటి ఏడు పోయారు.

మొన్న వేసవిలో మళ్లీ ఆ పడవెక్కాను. "త్రీ ఓ క్లాక్" అని వినపడగానే అందరూ కుడివైపు తిరిగారు. నేను లోపలి ఖాళీ కుర్చీల వైపు తిరిగాను.